సముద్రం కాలేకపోయిన లోయ

భూమికి ‘అచల’ అనీ, ‘స్థిర’ అనీ మన పెద్దలు పేర్లు పెట్టారు. ఇథియోపియాలోని అఫార్ ఎడారిని చూస్తే ఆ పేర్లు ఎంతవరకు చెల్లుతాయో సందేహమే. 2005 సెప్టెంబరులో అక్కడ సుమారు 60 కిలోమీటర్ల పొడవున భూపటలం కొద్ది వారాలలోనే విచ్చుకున్నది. ఎడం కొన్నిచోట్ల 8 మీటర్లు! లోపలినుండి ఎగసిన శిలాద్రవం ఆ సందును నింపినది.

భూగర్భోష్ణం పటలాన్ని ఉబ్బించి మెత్తబరుస్తుంది. ఇరువైపులకు సాగిన పటలం పలుచబడి, పగుళ్ల నడుమ కుంగుతుంది. ఎర్రసముద్రం అట్లు పుట్టినదే.

అయితే చీలిన ప్రతి చోటా సముద్రం ఏర్పడదు. మన గోదావరి లోయలో చీలిక నడుమనే ఆగిపోయినది. సాగుదల ఆగినా, వేడి చల్లారేకొద్దీ ఇటువంటి పల్లాల అడుగు బరువెక్కి ఇంకా దిగుతూనే ఉంటుంది. గోండ్వానా మహాఖండపు అడవులు ఇసుకతో, ఒండ్రుతో పొరలు పొరలుగా ఈ పల్లంలో పూడినవి. వాటి వయస్సు పాతిక కోట్ల సంవత్సరాలకు పైమాటే. 1871లో ఇల్లందు ప్రాంతాన విలియం కింగ్ కనుగొన్న బొగ్గు ఆ పూడికలోనిదే. పల్లమే లేకుంటే సింగరేణి లేదు. ఆ ఉష్ణం నేటికీ పూర్తిగా మాయమైనది కాదు: కిలోమీటరు లోతుకు సాధారణంగా 25 నుండి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. లోతు గనులలో కార్మికునికి గాలి పంపవలసి రావడానికి అదొక కారణం.