జీపుకు అసలు తలుపు బానెట్

జీపు దిగగానే తలుపులకు తాళం వేస్తాం, పడిందో లేదో ఒకసారి లాగి చూస్తాం. బానెట్ సంగతి మాత్రం గుర్తుకు రాదు. చాలా జీపుల్లో అది రెండు పక్కలా ఉన్న క్లాంపుల మీద ఆగి ఉంటుంది. వాటిని తీయడానికి పానా అక్కర్లేదు, తాళంచెవి అక్కర్లేదు, వేళ్లు చాలు. దొంగకు కావలసినవేమో దాని కిందే ఉన్నాయి: బ్యాటరీ, ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటారు, వైరింగులోని రాగి. బండినే తోలుకుపోదామనుకున్నవాడు కూడా ముందు ఎత్తేది బానెట్‌నే.

బీదర్ జిల్లా బగ్దల్ చుట్టుపక్కల ఈ విషయం ఇంకాస్త ఎక్కువగా పట్టించుకోవాలి. కంది, సోయా, చెరకు పండే ఊళ్లు. జీపులూ ట్రాక్టర్లూ రాత్రిళ్లు ఇంటి ముందే ఉంటాయని లేదు, చేను దగ్గరా బావి దగ్గరా ఆగిపోతాయి. ఒకవైపు తెలంగాణ, ఇంకోవైపు మహారాష్ట్ర. రెండు సరిహద్దులూ తెల్లవారేలోగా దాటేంత దగ్గర. పక్కనున్న జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది. ఆ కంపెనీ బండ్లు ఊరూరా కనిపిస్తాయి. ఒకే రకం బండ్లు ఎక్కువగా ఉన్నచోట ఒకదాని సామాను ఇంకోదానికి సరిపోతుంది కాబట్టి, ఊడదీసినదానికి కొనేవాడు దొరకడం కష్టం కాదు.

ఈ క్లాంపులు యుద్ధం నాటివి. 1941లో అమెరికా సైన్యానికి విల్లీస్ జీపు తయారైనప్పుడు, దారిలో ఇంజను మొరాయిస్తే ఏ సిపాయి అయినా క్షణంలో బానెట్ ఎత్తగలగాలన్నది అవసరం. పహరా మధ్య నిలిచే బండికి దొంగ భయమేముంటుంది? యుద్ధం ముగిశాక మహీంద్రా బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టినప్పుడు ఆ క్లాంపులూ వాటితోపాటే వచ్చాయి. ఎంఎం 540 దాకా అవే సాగాయి, 2020లో వచ్చిన కొత్త థార్ కూడా ఆ పోలికను వదల్లేదు. అమెరికాలో ఇప్పుడు రాంగ్లర్ జీపుకు కంపెనీ వాళ్లే విడిగా బానెట్ తాళం అమ్ముతున్నారు. బొలెరో లాంటి బండ్లలో బానెట్ లోపలి లివర్‌తో తెరుచుకుంటుంది కదా అని ధైర్యపడతాం. ఆ లివర్ నుంచి వచ్చే కేబుల్ గ్రిల్ వెనక చేతికి అందేలా ఉంటే మాత్రం దాన్నీ బయటినుంచి లాగవచ్చు. మన బండిలో అది ఎటునుంచి పోతోందో ఒకసారి వంగి చూసుకోవాలి.

పాత డీజిల్ బండి విషయంలో బానెట్‌కు ఇంత ప్రాముఖ్యం ఎందుకో తెలియాలంటే ఆ ఇంజను తీరు తెలియాలి. డీజిల్ పంపు ఇంజనుతోపాటే తిరుగుతూ నాజిళ్లకు డీజిల్ పంపుతుంది. సిలిండర్‌లో గాలి నొక్కుకుపోయినప్పుడు పుట్టే వేడికే అది మండుతుంది. స్పార్కు ప్లగ్గు లేదు, కంప్యూటర్ లేదు. తాళంచెవి చేసే ముఖ్యమైన పనులు రెండే: సెల్ఫ్‌కు కరెంటు పంపడం, పంపు మీది సోలనాయిడ్‌ను తెరిచి ఉంచడం. నాబు లాగి ఇంజను ఆపే బండ్లలో ఆ రెండోది కూడా ఉండదు. అలాంటి బండిని వాలు మీద నిలిపితే, స్టీరింగుకు తాళం లేకపోతే, తోసుకుపోయేవాడికి బ్యాటరీ కూడా అవసరం లేదు.

ట్రాక్టర్ల దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. స్విచ్చి పాడైనప్పుడు సెల్ఫ్ టెర్మినళ్లకు స్క్రూడ్రైవర్ ఆనించి స్టార్ట్ చేసే అలవాటు మన పల్లెల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. క్లచ్ నొక్కితేనో, గేరు తీస్తేనో స్టార్ట్ కావాలని పెట్టిన రక్షణ అప్పుడు పనిచేయదు. గేరులో ఉన్న ట్రాక్టరు ఒక్కసారిగా కదిలి, పక్కన నిలబడ్డ మనిషి మీదికే వెనక చక్రం ఎక్కుతుంది. దయచేసి ఆ పని చేయకండి, పిల్లల ఎదుట అసలే చేయకండి. స్విచ్చి బాగు చేయించి, ఆ టెర్మినళ్లకు మంచి కవరు బిగిస్తే మనిషికీ బండికీ రెండింటికీ కాపుదల.

ఇక తాళం. వెల్డింగు షాపులో గొళ్లెం పెట్టించి మామూలు తాళం వేలాడదీస్తే చాలదు. పొడుగు కొంకి తాళం కట్టర్‌కు సులువుగా దొరుకుతుంది. కొంకి బయటికి కనబడనంత పొట్టిగా ఉండే గుండ్రటి తాళం మేలు. గొళ్లేన్ని పట్టే బోల్టుల తలలు బయట నున్నగా, పానా పట్టకుండా ఉండాలి. నట్లు బానెట్ లోపలి వైపు రావాలి. ఇది చాలామంది మరిచిపోయే సంగతి: తాళం ఎంత గట్టిదైనా నట్లు బయట ఉంటే దాన్ని పగలగొట్టాల్సిన పనే ఉండదు. గతుకుల్లో నడిచే బండి బాడీ మెలికపడుతుంది కాబట్టి గొళ్లెం కింద రబ్బరు వాషర్ వేయించాలి, లేకపోతే కొన్నాళ్లకే రేకు చీలుతుంది. బీదర్ ఎర్రమట్టి దుమ్ము తాళంలోకి పోతే చెవి తిరగదు. నూనె పోస్తే దుమ్ము ఇంకా పట్టుకుంటుంది, గ్రాఫైట్ పొడి వాడాలి.

తాళానికి వెనక ఇంకో అడ్డు ఉండాలి. ఎర్త్ వైరు మీద బ్యాటరీ కటాఫ్ స్విచ్చి పెట్టించుకోవచ్చు, కానీ ఇంజను నడుస్తుండగా దాన్ని తిప్పితే ఆల్టర్నేటర్ డయోడ్లు కాలిపోవచ్చు. సోలనాయిడ్ ఉన్న బండికి ఆ వైరులో దాచిన స్విచ్చి పెట్టించడం నాకు ఇంకా మంచిదనిపిస్తుంది: తోసినా ఇంజను అందుకోదు. ట్యాంకు దగ్గర డీజిల్ కాక్ మూయడం పాత పద్ధతి. దానితో చిక్కు ఏమిటంటే, ఫిల్టర్లో మిగిలిన డీజిల్‌తో బండి కొంతదూరం పోయాకే ఆగుతుంది, మళ్లీ నడవాలంటే ఎయిర్ తీయాలి. బ్యాటరీకి ఇనుప పట్టీ చట్రం వేయించి తాళం పెడితే, దాన్ని ఎత్తుకుపోవడానికి చాలాసేపు పడుతుంది.

కంప్యూటరు ఉన్న కొత్త బండ్లు ఈ భయాలు దాటిపోయాయని అనుకోలేం. ఐరోపా దేశాల్లో 1998 నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. దానివల్ల చెవి లేకుండా స్టార్ట్ చేయడం కష్టమైంది. అయినా 2022లో లండన్‌లో దొంగలు ఒక టయోటా రావ్4 ముందు లైటు దగ్గరి వైర్లలోంచి లోపలి కంప్యూటర్లకు దొంగ సంకేతం పంపి కారునే పట్టుకుపోయారు. జీపీఎస్ పెట్టించుకునేవారు సొంత బ్యాటరీ ఉన్నదే తీసుకోవాలి, బండి బ్యాటరీ పీకితే అది మూగబోకూడదు.

తాళం వేసేముందు నిప్పు గురించి ఆలోచించాలి. ఇంజనులో మంట లేచినప్పుడు బానెట్ తాళంచెవి ఇంట్లో ఉంటే బండి బూడిదే. ఆ చెవి స్టార్టింగు చెవితో ఒకే రింగులో ఉండాలి, రెండు వైపులా తాళాలకు ఒకే చెవి సరిపోవాలి. మంట ఉన్నప్పుడు బానెట్ పూర్తిగా ఎత్తకూడదు, గాలి తగిలి ఎగసిపడుతుంది; కొంచెం సందు చేసి మంటలార్పే సిలిండర్ కొట్టాలి.

ఇంత చేసినా బ్యాటరీ పోవచ్చు. దాని బరువులో సగానికి పైగా సీసమే. సీసం 327 డిగ్రీల సెల్సియస్ వేడికే కరుగుతుంది, చిన్న కొలిమి చాలు. కరిగాక అది ఎవరి బ్యాటరీయో చెప్పేందుకు గుర్తేమీ మిగలదు. అందుకే బ్యాటరీ నంబరు, ఇంజను నంబరు ఇప్పుడే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవాలి, పోయిన రోజే ఫిర్యాదు చేయాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. జహీరాబాద్ సంతలో బండి పోయిన బగ్దల్ రైతు తన ఊరి స్టేషన్‌కే వెళ్లి ఫిర్యాదు రాయించవచ్చు. మా పరిధి కాదని వెనక్కి పంపే వీలు వారికి లేదు.