గ్రాఫిక్స్ కార్డు కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఆ మధ్య ఒక శనివారం పొద్దున్నే మా అన్నయ్య కొడుకు ఫోను చేశాడు. వాడికి పదహారేళ్ళు. "బాబాయ్, నా దగ్గర తొమ్మిది వందల డాలర్లున్నాయి. గేమింగ్ కంప్యూటర్ సొంతంగా తయారు చేసుకుంటాను. ఏ గ్రాఫిక్స్ కార్డు కొనమంటావ్?" అన్నాడు. ఆ డబ్బు అమ్మానాన్నలిచ్చింది కాదు. రెండు వేసవులు స్విమ్మింగ్ పూల్ దగ్గర లైఫ్‌గార్డుగా ఎండలో కూర్చుని సంపాదించుకున్నది. వెనకనుంచి మా వదిన గొంతు వినబడుతూనే ఉంది: "నువ్వైనా చెప్పవయ్యా, ఆటల కోసం అంత డబ్బు తగలెయ్యొద్దని!"

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడికి కంప్యూటర్ లోపలి సామానంతా తెలిసే ఉంటుందని మన ఇళ్ళల్లో ఒక గట్టి నమ్మకం. మాస్టర్స్‌లో కంప్యూటర్ ఆర్కిటెక్చర్ చదివిన నేనే 2022లో ఒక కార్డు కొని బోల్తా పడ్డాను. ఆ కథ కాసేపట్లో చెప్తాను. వాడి డబ్బుకి అలా కాకూడదని కూర్చుని వివరంగా చెప్పిన సంగతులే ఇవి. మీ ఇంట్లోనూ ఈ ప్రశ్న ఇవాళో రేపో వస్తుంది కాబట్టి మీకూ పనికొస్తాయి.

ఇంతకీ ఈ కార్డు చేసే పనేమిటి?

తెరమీద బొమ్మంటే పెద్ద చుక్కల ముగ్గు అనుకోండి. 1920×1080 తెరమీద సుమారు 20 లక్షల 73 వేల చుక్కలుంటాయి. ఆట సాఫీగా కదలాలంటే సెకనుకు కనీసం 60 బొమ్మలు కావాలి. అంటే అన్ని చుక్కలకూ రంగు తేల్చడానికి ఒక్కో బొమ్మకి దొరికే సమయం దాదాపు 16.7 మిల్లీసెకన్లు!

మన సంఘం ఉగాది విందు గుర్తు తెచ్చుకోండి. కంప్యూటర్‌లోని మామూలు ప్రాసెసర్ వంటమాస్టారు లాంటిది. ఎంత క్లిష్టమైన పనైనా చేస్తుంది, కానీ చేతులు తక్కువ. గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లో వేల మంది వడ్డించే వాలంటీర్లుంటారు. ఒక్కొక్కరిది చిన్న పనే, కానీ అందరూ ఒకేసారి చేస్తారు. కార్డు మీదుండే మెమరీ వడ్డన బల్ల. కంప్యూటర్ అసలు మెమరీ వంటిల్లు. ఆ రెంటికీ మధ్యనున్న తలుపు పేరు పీసీఐ ఎక్స్‌ప్రెస్. వంటకాలన్నీ బల్లమీద పట్టినంతసేపూ పంక్తి చకచకా సాగుతుంది. పట్టకపోతే ప్రతిదానికీ వంటింటికి పరిగెత్తాలి. అప్పుడు వాలంటీర్లు ఎంతమంది ఉన్నా లాభం లేదు, విస్తళ్ళ ముందు జనం ఎదురుచూడాల్సిందే.

ఈ పోలిక మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక.

ముందు మీ మానిటర్ చూడండి

చాలామంది కార్డుతో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది మానిటర్‌తో. 2560×1440 తెరకి దాదాపు 36 లక్షల 86 వేల చుక్కలు. 4కే తెరకి 82 లక్షల 94 వేలు, అంటే 1920×1080 తెరకి సరిగ్గా నాలుగు రెట్లు. ఇంట్లో ఉన్నది 1920×1080, 60 హెర్ట్జ్ మానిటరైతే కార్డు సెకనుకు 150 బొమ్మలు గీసినా తెర చూపించేది 60 మాత్రమే. మిగిలిన డబ్బంతా కంటికి కనబడని వైభవం.

రెండో ప్రశ్న, ఏ ఆటలు? ఫోర్ట్‌నైట్, మైన్‌క్రాఫ్ట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివాటిని సెట్టింగులు కాస్త తగ్గించుకుంటే చవక కార్డులు కూడా బాగానే నడుపుతాయి. సైబర్‌పంక్ 2077, అలన్ వేక్ 2 లాంటివి అన్ని హంగులతో ఆడాలంటే లెక్క వేరు.

పాత కార్డుల విషయంలో ఇంకొక మెలిక ఉంది. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆటకీ, 2025 మేలో వచ్చిన డూమ్ ఆటకీ కాంతి కిరణాల లెక్క కట్టే ప్రత్యేకమైన హార్డ్‌వేర్ తప్పనిసరి. 2017లో 699 డాలర్లకు వచ్చిన జీటీఎక్స్ 1080 టీఐ మీద 11 జీబీ మెమరీ ఉంది. అయినా ఆ హార్డ్‌వేర్ లేదు కాబట్టి అది ఈ ఆటలకు పనికిరాదు. ఒకప్పటి మహారాజు కదా అని పాత కార్డు మీద మోజు పడకండి.

మెమరీ ఎంత కావాలి?

ఇప్పుడు కొత్త ఆటలకి 8 జీబీని కనీసం అనుకోవాలి. 1920×1080లో, సెట్టింగులు మధ్యస్థంగా పెట్టుకుంటే 8 జీబీతో సర్దుకోవచ్చు. నాలుగైదేళ్ళు వాడాలన్నా, 2560×1440 తెర ఉన్నా 12 లేదా 16 జీబీ మేలు. బల్ల నిండిపోయినప్పుడు ఆట కాస్త నెమ్మదించి ఊరుకోదు. ఉన్నట్టుండి ఆగి ఆగి నడుస్తుంది. సగటు లెక్కల్లో కనబడని బాధ అది.

300 డాలర్ల చుట్టుపక్కల రకాలు ఇవీ:

ఇంటెల్ ఆర్క్ బీ580, 12 జీబీ, 249 డాలర్లు (2024 డిసెంబరు)
ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060, 8 జీబీ, 299 డాలర్లు (2025 మే)
ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, 8 జీబీ 299 డాలర్లు, 16 జీబీ 349 డాలర్లు (2025 జూన్)
ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, 8 జీబీ 379 డాలర్లు, 16 జీబీ 429 డాలర్లు (2025 ఏప్రిల్)

ఇవన్నీ విడుదలనాటి ధరలు. 2025 చివరి నెలల్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి కాబట్టి కొనే రోజు ధర చూసుకునే లెక్క వేసుకోండి. 9060 ఎక్స్‌టీ రెండు రకాల మధ్య విడుదలప్పుడు తేడా 50 డాలర్లు. ఆ 50 మాత్రం ఖర్చుపెట్టదగ్గదే అంటాను. ఆర్క్ కార్డుకి రీసైజబుల్ బార్ అనే సదుపాయం మదర్‌బోర్డులో ఉండాలి. పాత, బలహీనమైన ప్రాసెసర్లతో అది బాగా వెనకబడుతుందని 2025 మొదట్లో పరీక్షల్లో తేలింది కూడా. కొత్త కంప్యూటర్‌లోకైతే ఆలోచించదగ్గదే.

పేరు చూసి మోసపోకండి

మన ఊళ్ళల్లో ఇంటిపేరు ఒకటే అయినా మనుషులు వేరైనట్టు, కార్డుల్లోనూ ఉంటారు. 2022 జనవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050కి 8 జీబీ మెమరీ, 2560 కోర్లు. 2024 ఫిబ్రవరిలో అదే పేరుతో వచ్చిన ఇంకో కార్డుకి 6 జీబీ, 2304 కోర్లు. మెమరీకి వెళ్ళే దారి కూడా 128 బిట్ల నుంచి 96కి తగ్గింది. 2016 నాటి జీటీఎక్స్ 1060లోనూ ఇదే కథ. 3 జీబీ రకంలో మెమరీతో పాటు కోర్లు కూడా 1280 నుంచి 1152కి తగ్గించారు. డబ్బా మీద పెద్దక్షరాల కన్నా స్పెసిఫికేషన్ పేజీలో చిన్నక్షరాలు ముఖ్యం.

ఇక నా బోల్తా కథ. 2022లో కార్డులు దొరకడమే గగనంగా ఉన్నప్పుడు నా పాత డెస్క్‌టాప్ కోసం 4 జీబీ కార్డు ఒకటి చవగ్గా దొరికిందని కొన్నాను. పేరెందుకులెండి. దానికి పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు నాలుగే. నా మదర్‌బోర్డు మూడో తరానిది. మూడో తరంలో ఒక్కో లేనుకి సెకనుకు సుమారు 1 జీబీ, నాలుగో తరంలో 2 జీబీ వెళ్తాయి. అంటే వడ్డన బల్ల చిన్నది, వంటింటి తలుపు సందు! రెండూ కలిసేసరికి ఆట కుంటి నడక నడిచింది. ఈ ముక్క స్పెసిఫికేషన్ పేజీలో ఉంది, చదవనిది నేనే. పాత కంప్యూటర్‌లో కొత్త కార్డు పెట్టేవాళ్ళు లేన్లు ఎన్నో తప్పక చూసుకోండి.

కరెంటు, కొలతలు

మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకి అందేది గరిష్ఠంగా 75 వాట్లు. అంతకన్నా ఎక్కువ కావాలంటే పవర్ సప్లై నుంచి విడిగా తీగ రావాలి. ఆరు పిన్నుల కనెక్టరైతే 75 వాట్లు, ఎనిమిది పిన్నులదైతే 150. పాత ఆఫీసు డెస్క్‌టాపుల్లో చాలావాటికి ఈ తీగలే ఉండవు. పైగా పవర్ సప్లై మార్చుదామంటే ఆకారం కూడా మామూలుది కాకపోవచ్చు. అలాంటి డబ్బాకి తీగ అక్కర్లేని 3050 6 జీబీ లాంటి కార్డే దిక్కు. పేరు విషయంలో దాన్ని తిట్టాను కానీ ఇక్కడ అది నిజంగా ఉపయోగం. కార్డు పొడవు, కేసులో ఖాళీ జాగా టేపు పెట్టి కొలుచుకోండి.

కంపెనీలు చూపించే పట్టీలతోనూ జాగ్రత్త. చిన్న బొమ్మ గీసి పెద్దది చేసే పద్ధతి ఎన్విడియా వాళ్ళది డీఎల్‌ఎస్‌ఎస్, ఏఎండీ వాళ్ళది ఎఫ్‌ఎస్‌ఆర్, ఇంటెల్ వాళ్ళది ఎక్స్ఈఎస్‌ఎస్. ఇది నిజంగా పనికొచ్చేదే. కానీ రెండు అసలు బొమ్మల మధ్య ఒక కల్పిత బొమ్మ దూర్చే ఫ్రేమ్ జనరేషన్ వేరు. దానితో కదలిక నున్నగా కనిపిస్తుంది తప్ప మీట నొక్కినప్పుడు ఆట స్పందించే వేగం పెరగదు. కార్డుల్ని పోల్చేటప్పుడు అది లేని అంకెలే చూడండి.

పాతది కొనవచ్చా? ఇండియాకి పట్టుకెళ్ళవచ్చా?

2022 సెప్టెంబరులో ఎథీరియం పద్ధతి మార్చుకున్నాక మైనింగ్‌లో అరిగిన కార్డులు సెకండ్ హ్యాండ్ బజారులోకి వచ్చాయి. అందుకని భయపడి మానెయ్యక్కర్లేదు. అమ్మేవాళ్ళ ఇంట్లోనే అరగంట ఆట నడిపించి, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో, తెరమీద గీతలు వస్తున్నాయేమో చూసి డబ్బివ్వండి.

సెలవులకి వెళ్తూ మేనల్లుడికి కార్డు తీసుకెళ్ళేవాళ్ళకి ఒక మాట. కార్డు పనిచేసేది పవర్ సప్లై ఇచ్చే 12 వోల్టులతో కాబట్టి 120, 230 వోల్టుల గొడవ దానికి లేదు. కానీ వారంటీ చాలాసార్లు కొన్న దేశానికే పరిమితం. ఇండియాలో ధరలో 18 శాతం జీఎస్‌టీ కలిసి ఉంటుంది నిజమే. అయినా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో అడిగి ధర కనుక్కున్నాకే నిర్ణయించుకోండి. చెడిపోతే అక్కడికే తీసుకెళ్ళి అడగొచ్చన్న ధీమాకి కూడా ఒక విలువ ఉంది.

చివరికి ఏం కొన్నాడు?

మొత్తం ఖర్చులో మూడో వంతుకి కాస్త అటూ ఇటూగా కార్డుకి కేటాయించమన్నాను. మావాడు ఓ వారం లెక్కలు వేసుకున్నాడు. ఇంట్లో ఉన్నది 1920×1080 తెర, ఆడేది ఎక్కువగా ఫోర్ట్‌నైట్, కౌంటర్ స్ట్రైక్. మా అన్నయ్య "పెద్దదే కొనుక్కోరా, తక్కువైంది నేనేస్తాలే" అన్నా వాడొద్దన్నాడు. ఆ ఊళ్ళోనే ఒకాయన దగ్గర 150 డాలర్లకు పాత ఆర్‌ఎక్స్ 6600 బేరమాడి, నేను చెప్పినట్టు అరగంట నడిపించి చూసి తెచ్చుకున్నాడు. మిగిలిన డబ్బులో కొంత మంచి పవర్ సప్లై మీద పెట్టాడు. "రెండేళ్ళాగి పెద్ద కార్డు పెట్టుకుంటే ఇది మార్చక్కర్లేదు కదా బాబాయ్" అన్నాడు.

బిగించిన రాత్రి మళ్ళీ ఫోను. "బాబాయ్, ఆట పాకుతోంది!" నాకు గుండె గుభేలుమంది. తీరా చూస్తే మానిటర్ తీగ కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి పెట్టాడు. మీరు కూడా ముందు అది చూసుకోండి!

మా వదిన ఇప్పటికీ ఆటలంటే గొణుగుతూనే ఉంటుంది. కానీ వాడు ఒక్కో రూపాయీ లెక్కచూసి ఖర్చుపెట్టిన కాయితం మాత్రం ఫ్రిజ్ మీద అంటించింది.