కుక్కపిల్ల ఊరికే వస్తది, ఖర్చు వారం వారం వస్తది

హోట్గి రోడ్ గల్లీల్లో కుక్కపిల్లను పైసలిచ్చి కొనేటోళ్లు తక్కువ. పక్క గల్లీలో కుక్క పిల్లలు పెడితే మన పిల్లలు ఒకదాన్ని చంకన పెట్టుకొని వస్తరు. పిల్లి అయితే దానంతటదే వచ్చి నూలు మూటల నడుమ పడుకుంటది. ఎలుకలను పడుతది కదా అని మనమూ ఊరుకుంటం. "నాలుగు మెతుకులు వేస్తే సాలు, ఖర్చేముంది?" అనుకుంటం. ఆరు నెలలకు దానికి జబ్బు చేస్తే పగారు చాలదు. ఆఖరికి దూరం తీసుకపోయి వదిలేస్తరు. ఇంట్లో పిల్లలు ఏడుస్తరు, ఆ నోరులేని జీవి ఇంకో గల్లీలో ఆకలితో తిరుగుతది.

అట్ల కావద్దంటే ఇంటికి తెచ్చే ముందే లెక్క వేసుకోవాలె. సాంచాల మీద పనిచేసేటోళ్లకు, బీడీలు చేసే ఆడవాళ్లకు చేతికి వచ్చేది వారం లెక్క. అందుకే కుక్క లెక్క కూడా వారానికే వేద్దాం.

తిండి

కుక్క జొన్నరొట్టె, అన్నం తింటది. కానీ వట్టి రొట్టెతో బలం రాదు, గుడ్డో మాంసమో కొంత పడాలె. మనం తినంగ మిగిలిన కూర కలిపి పెట్టడం మంచిది కాదు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క రక్తాన్ని చెడగొడుతయి, పిల్లికి ఇంకా చెరుపు. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటయి. కూర కలపక ముందే దాని వాటా తీసి పక్కన పెడితే పైస ఖర్చు లేదు.

పిల్లి సంగతి వేరు. మాంసం, చేపలు, గుడ్డు లేకుండ అది బతకలేదు. పాలు మాత్రం చాలా పెద్ద పిల్లులకు అరగవు, విరేచనాలు అయితయి. పిల్లికని పాలు కొనే పైసలతో గుడ్డు కొనండి, నీళ్లు పెట్టండి.

సూదిమందులు

కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా వేయించాలె. తర్వాత మూడు నాలుగు వారాలకోసారి ఇంకో రెండు మూడు పడుతయి. మూడు నెలలు నిండినంక రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్లు ఏటేటా. నులిపురుగుల మందు చిన్నప్పుడు రెండు వారాలకోసారి, పెద్దయినంక మూడు నెలలకోసారి. ముందు సర్కారు పశువుల దవాఖానలో అడగండి, ప్రైవేటు కంటే అక్కడ చాలా తక్కువలో అయితది.

ఆపరేషన్

ఆడకుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తది, రెండు నెలలు మోసి ఒక్కసారే నాలుగైదు పిల్లలు పెడుతది. వాటి తిండి, మందులు ఎవరు చూడాలె? 2023లో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం పెంపుడు జంతువుకు టీకాలు, పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ చేయించే బాధ్యత యజమానిదే. ఇది ఒక్కసారి ఖర్చు, దీన్ని ముందునుంచే జమ చేయాలె.

మన ఇండ్లల్లో ఉండే ప్రమాదాలు

బీడీ తంబాకు కుక్కకూ పిల్లికీ విషం. చాటలో వదిలిన తంబాకు తింటే వాంతులు, వణుకు వస్తయి, ప్రాణమే పోవచ్చు. రెండోది నూలు. పిల్లి దారంతో ఆడి మింగుతది. ఆ దారం పేగుల్లో ఇరికి పేగును కుచ్చెళ్లలా దగ్గరికి లాగుతది. అప్పుడు కోత తప్ప దారి లేదు. నోట్లోంచి దారం వేలాడుతుంటే గుంజకండి, డాక్టరు దగ్గరికి తీసుకపోండి. తంబాకు డబ్బాలో, నూలు ముక్కలు సంచిలో వేస్తే పెద్ద ఖర్చు తప్పుతది.

కరిస్తే

ఇంటి కుక్క కరిచినా, గోరు గీరినా సబ్బు పెట్టి ధార నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలె. కారం, పసుపు, సున్నం పెట్టొద్దు. అదే రోజు దవాఖానకు పోవాలె. చర్మంలో వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు సూదులు ఉంటయి. సర్కారు దవాఖానలో ఈ సూదులు ఉచితం, కానీ నాలుగుసార్లు పోతే నాలుగు పూటల పని పోతది. అయినా ఒక్కటీ మానొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డంక మనిషి బతకడం దాదాపు లేదు. కుక్కకు ఏటా వేసే సూది ఈ కష్టానికంతా ముందే కట్టిన అడ్డకట్ట.

వారం లెక్క

ఇది నమూనా మాత్రమే, మీ గల్లీ ధరలు మీరు వేసుకోండి. మధ్యరకం నాటు కుక్కకు రొట్టెలు, గుడ్డు కలిపి రోజుకు 18 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 6,570. టీకాలు, పురుగుల మందు 1,500. గొలుసు, పట్టా, గిన్నెలు 500. ఆపదకు 2,000. మొత్తం 10,570 రూపాయలు, అంటే వారానికి సుమారు 203. ఆపరేషన్ కోసం వారానికి ఇంకో 50 వేస్తే ఏడాదికి 2,600 జమ అయితది.

పగారు వచ్చిన రోజే ఈ పైసలు వేరే డబ్బాలో వేయండి. భిశీ కట్టేటోళ్లు దాని హప్తాలాగే దీన్నీ అనుకోండి. కార్ఖానాలో మాల్ లేని వారం తిండి పైసలు తీసి, తక్కినవి వచ్చే వారం కలిపి వేయొచ్చు. టీకా పైసలను మాత్రం ఇంకో దానికి వాడొద్దు.

కుక్కను తెచ్చే ముందు నాలుగు వారాలు ఉత్తగనే ఆ డబ్బాలో వేసి చూడండి. ఇల్లు గడవడానికి ఇబ్బంది కాకపోతే తెచ్చుకోండి. ఇబ్బంది అయితే సిగ్గేమీ లేదు. నాలుగిండ్లు కలిసి గల్లీ కుక్క ఒకదానికి తిండి పెట్టి, ఏటా రేబిస్ సూది వేయించండి. వారానికి ఇంటికి 50 రూపాయలతో పని అయిపోతది. పిల్లలకు ఆడుకోను తోడు ఉంటది, గల్లీకి రాత్రి కాపలా ఉంటది.