మూడు కార్డ్‌లు, పన్నెండు మెట్లు

కీబోర్డు నేర్చుకునేవారికి మొదట దక్కేవి మూడేసి స్వరాలు కలిపి నొక్కే సి, ఎఫ్, జి కార్డ్‌లు. సి మెట్టును షడ్జమం అనుకుంటే అవి స-గ-ప, మ-ద-స, ప-ని-రి. మూడూ కలిస్తే ఏడు తెల్ల మెట్లూ వచ్చేస్తాయి. శంకరాభరణం స్వరాలన్నీ అందులోనే ఉన్నాయి.

కార్డ్ మారినప్పుడల్లా చెయ్యి ఎగరక్కర్లేదు. సి నుంచి ఎఫ్‌కు వెళ్లేటప్పుడు బొటనవేలు స మీదే ఉంటుంది. మిగతా రెండు వేళ్లు గ నుంచి మకు, ప నుంచి దకు జరుగుతాయి. సి నుంచి జికి వెళ్తే ప మీది చిటికెనవేలు కదలదు. స నిలోకి, గ రిలోకి దిగుతాయి.

ఒక్కో కార్డ్‌లోని మూడు స్వరాలు ఒకదానితో ఒకటి ఇమడడానికి కారణం వాటి పౌనఃపున్యాలు దాదాపు 4:5:6 నిష్పత్తిలో ఉండడం. చిక్కంతా ఆ 'దాదాపు'లోనే ఉంది.

గాయకుడు శ్రుతి పెంచమంటే అవే కార్డ్‌లను డి నుంచి మొదలుపెట్టవచ్చు. నల్ల మెట్లు తగులుతాయి గానీ దూరాలు మారవు: నల్లవీ తెల్లవీ కలిపి లెక్కిస్తే ముందు నాలుగు మెట్లు, తర్వాత మూడు. స్వచ్ఛమైన నిష్పత్తులతో శ్రుతి చేస్తే ఇది కుదరదు. స-ప నిష్పత్తి 3/2. దాన్ని పన్నెండుసార్లు హెచ్చవేస్తే 129.75 వస్తుంది. అదే మెట్టుకు ఏడు స్థాయిలు ఎక్కి చేరితే రావలసింది 128. ఒకప్పటి ఐరోపా ఆర్గన్లలో ఇలాంటి తేడాలన్నీ ఒక మూలకు నెట్టేవారు. ఆ మూలలో స్వరాలు తోడేలులా ఊళ వేసేవి.

తేడాను పన్నెండు మెట్లకూ సమంగా పంచే లెక్కను చైనాలో మింగ్ రాజకుమారుడు జూ జైయూ 1584లో రాశాడు. దాదాపు అదే కాలంలో నెదర్లాండ్స్‌లో సైమన్ స్టెవిన్ విడిగా అదే దారి పట్టాడు. ఆయన రాత 1884 దాకా అచ్చుకాలేదు. ఇద్దరిదీ ఒకటే కిటుకు: ప్రతి మెట్టుకూ సుమారు 1.05946తో హెచ్చవేయాలి. పన్నెండో మెట్టుకు సరిగ్గా రెట్టింపు వస్తుంది.

దీనికి మూల్యం గాంధారం చెల్లిస్తుంది. సి 261.6 హెర్ట్జ్ అయితే పంచమం 392.4 ఉండాల్సింది 392.0 దగ్గర ఆగుతుంది, చెవి పట్టించుకోదు. గాంధారం మాత్రం 327.0కు బదులు 329.6కు చేరుతుంది. స అయిదో అనుస్వరం (అయిదు రెట్ల పౌనఃపున్యం), గ నాలుగో అనుస్వరం (నాలుగు రెట్లది) కలవక సెకనుకు సుమారు పది విస్పందనాలు పుడతాయి. పియానో శ్రుతి చేసేవారు చెవులు రిక్కించి వినేది ఇలాంటి అదురునే.

స్వరకర్త బాఖ్ 1722లో మేజర్, మైనర్ కలిపి ఇరవైనాలుగు శ్రుతులకూ రచనలు కూర్చాడు, ఆయన వాడిన పంపకం ఏదన్న వాదన తేలనేలేదు. తర్వాత సమ విభజనే పియానోకు, హార్మోనియానికి కట్టుబాటైంది. మెట్ల మధ్య గమకం పలకదని 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని పక్కన పెట్టింది.

ఇప్పటి ఎన్నో కీబోర్డులకు ఎడమవైపు పిచ్ బెండ్ చక్రం ఉంటుంది. తిప్పితే స్వరం మెట్ల మధ్యకు జారుతుంది. కార్డ్ నొక్కి తిప్పితే మాత్రం మూడు స్వరాలూ ఒకే నిష్పత్తిలో కలిసి జరుగుతాయి కాబట్టి, గాంధారంలోని ఆ కాస్త ఎక్కువ అలాగే ఉండిపోతుంది.