పసుప్పచ్చ కాళ్ల వెనుక రెండు అడవులు

తెనాలి, బాపట్ల, రేపల్లె పల్లెల్లో గంప కింద మూసే నాటుకోడికి ఇద్దరు పూర్వీకులు. ఒకటి ఎర్ర అడవికోడి. గోదావరికి ఉత్తరాన తూర్పు కనుమల్లో ఇప్పటికీ తిరుగుతుంది. రెండోది బూడిదరంగు అడవికోడి. నల్లమలతో పాటు దక్షిణాది అడవులు దాని నెలవు. ఈ రెంటి నడుమ కృష్ణా డెల్టా వరిమాగాణి. ఇక్కడ అడవికోడి లేదు, ఇంటికోడి లేని వీధీ లేదు.

ఇంటికోడికి మూలం ఎర్ర అడవికోడేనని డార్విన్ 1868లోనే వాదించాడు. దాన్ని మొదట మచ్చిక చేసింది సింధు లోయ జనమేనని పుస్తకాలు చాలాకాలం చెబుతూ వచ్చాయి. మొహెంజొదారోలో దొరికిన ఎముకలే అందుకు ఆధారం. 2020లో 863 కోళ్ల, అడవికోళ్ల జన్యువులను పోల్చి చూశాక ఆ మాట నిలవలేదు. నైరుతి చైనా, ఉత్తర థాయ్‌లాండ్, మయన్మార్‌లలో ఉండే స్పాడిసియస్ అనే ఎర్ర అడవికోడి ఉపజాతి ఇంటికోడికి అన్నిటికన్నా దగ్గరి చుట్టమని తేలింది.

ఎముకలను మాత్రం అంత తేలిగ్గా నమ్మడానికి లేదు. కోడి ఎముక చిన్నది, పై పొరల నుంచి పాత పొరల్లోకి జారిపోతుంది. ఐరోపా, వాయవ్య ఆఫ్రికా వైపు దొరికిన 23 ఎముకలకు నేరుగా రేడియోకార్బన్ పరీక్ష చేస్తే 18 అనుకున్నదానికన్నా కొత్తవని బయటపడింది. 2022లో వెలువడిన ఆ పరిశోధనల ప్రకారం, నమ్మదగిన అతి పాత ఇంటికోడి ఎముకలు థాయ్‌లాండ్‌లోని బాన్ నోన్ వాట్‌వి, క్రీ.పూ. 1650–1250 నాటివి. మధ్యధరా తీరానికి కోడి చేరింది క్రీ.పూ. 800 ప్రాంతంలో. ఐరోపావాళ్లు మొదట్లో దాన్ని కోసుకు తినలేదు, చచ్చిపోతే చెక్కుచెదరకుండా పాతిపెట్టారు!

కోడి ఊళ్లోకి ఎలా వచ్చిందన్నదానికి ఆ పరిశోధకుల జవాబు డెల్టా రైతుకు ఇట్టే అర్థమవుతుంది. మెట్టవరి, చిరుధాన్యాలు పండే చోట రాలిన గింజలకు ఆశపడి అడవికోళ్లే ఊరంచుకు చేరాయి. కళ్లంలో నూర్పిళ్లయ్యాక కోళ్లు చేసే పని కూడా అదే.

మరి రెండో పూర్వీకుడి సంగతి? ఎర్ర అడవికోడి కాళ్లు పసుపు కావు. ఇంటికోడి కాళ్లకూ చర్మానికీ పసుపు రంగునిచ్చే జన్యువు బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో తేలింది. అంటే మచ్చికయ్యాక కోడి దక్షిణాసియాలో ఇంకో అడవి రక్తాన్ని కలుపుకుందన్నమాట.

సంక్రాంతి బరుల్లో డేగ, కాకి, నెమలి, సేతు అని రంగును బట్టి పిలిచే పుంజులు అసీల్ జాతివి. అరబ్బీలో ఆ మాటకు మేలుజాతి అని అర్థం. పందెం చట్టవిరుద్ధమే అయినా జాతిని నిలబెట్టింది మాత్రం ఆ మోజే. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌కు చేరిన అసీల్‌ను అక్కడి కోళ్లతో కలపగా బలిసిన రొమ్ము ఉన్న కార్నిష్ జాతి పుట్టింది. అమెరికాలో కార్నిష్ పుంజులను ప్లిమత్ రాక్ పెట్టలతో దాటించి బ్రాయిలర్‌ను తయారుచేశారు. తెనాలి చికెన్ కొట్లో తూకానికి వచ్చే ఫారం కోడిలోనూ ఆ అసీల్ రక్తం ఉంది.