టక్‌మని ఆన్, టక్‌మని ఆఫ్: మోటర్ ఎందుకు కాలుతుంది?

దసరా సెలవులకి పోచంపాడ్‌లో మా కాక వాళ్ళ కొత్తింటికి వెళ్ళాను. మొదటి రాత్రే నిద్ర పట్టలేదు. దోమల వల్ల కాదు, మోటర్ వల్ల. రెండు నిమిషాలకోసారి కింద సంపు దగ్గర నుంచి "టక్... గుర్ర్... టక్" అని చప్పుడు. సెకను పాటు తిరుగుతుంది, ఆగిపోతుంది. మళ్ళీ రెండు నిమిషాలకి అదే పాట. ఇంట్లో అందరూ పడుకున్నారు, ఒక్క నల్లా కూడా తిప్పి లేదు.

పొద్దున అడిగితే కాక నవ్వాడు. "అది ఆటోమేటిక్ రా, ప్రెషర్ మోటర్. దానంతట అదే చూస్కుంటది." నేను కూడా నమ్మేశాను. కంప్యూటర్ సైన్స్ చదివేవాడికి ఆటోమేటిక్ అన్న మాట వినిపిస్తే ఇంక డౌట్ రాదు, అదొక జబ్బు. మూడు నెలలకి ఫోన్ వచ్చింది, మోటర్ కాలిపోయిందని.

సంక్రాంతికి వెళ్ళేసరికి మెకానిక్ అన్న కొత్తగా వైండింగ్ చేసిన మోటర్ బిగిస్తున్నాడు. దాని పక్కన నీలం రంగులో చిన్న గుండ్రటి ట్యాంకు ఒకటి ఉంటుంది, 24 లీటర్లది. దాని వెనక సైకిల్ ట్యూబుకి ఉన్నట్టే ఒక వాల్వు. ఆయన దాని మూత తీసి గోరుతో పిన్ను నొక్కాడు. గాలి రావాలి. నీళ్ళు చిమ్మినయ్.

"చూసినవా తమ్మీ? లోపల బ్లాడర్ వలిగింది. మోటర్ చెడిపోలేదు, దీన్ని ఈ డబ్బా సంపింది."

ఆ ఒక్క మాట అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. అర్థమయ్యాక మాత్రం, ఓఎస్ క్లాసులో త్రాషింగ్ గురించి చదివినదంతా మా కాక సంపు పక్కనే జరుగుతోందనిపించింది. ర్యామ్ సరిపోకపోతే ప్రాసెసర్ అసలు పని మానేసి పేజీలు లోపలికి బయటికి మార్చడంలోనే టైమంతా పోగొట్టుకుంటుంది కదా. మోటర్ కూడా అంతే. నీళ్ళు ఎక్కించడం కన్నా ఆన్ అవ్వడానికే ఎక్కువ కష్టపడింది.

అసలు ప్రెషర్ మోటర్ ఎందుకు పెట్టుకుంటున్నారో ముందు చెప్పాలి. పది మీటర్ల ఎత్తులో నీళ్ళు ఉంటే కింద సుమారు ఒక బార్, అంటే 14 పీఎస్‌ఐ ఒత్తిడి వస్తుంది. ఊరి మధ్యలో ఉండే పెద్ద నీళ్ళ ట్యాంకుని అంత ఎత్తున కట్టేది అందుకే. మన ఇంటి స్లాబు మీద సింటెక్స్ ట్యాంకు పెడితే, కింద బాత్రూంలో షవర్‌కీ దానికీ మధ్య రెండు మీటర్లు కూడా ఉండదు. మూడు పీఎస్‌ఐ కూడా రాదు. షవర్ కింద నిలబడితే తల తడుస్తుంది, సబ్బు పోదు. బకెట్టు, చెంబు ఉన్నన్నాళ్ళు ఎవరికీ ఇది సమస్య కాలేదు. కొత్తిళ్ళల్లో పెద్ద పెద్ద షవర్లు వచ్చాక స్లాబు మీద ట్యాంకు బదులు కింద సంపు నుంచే మోటర్‌తో నెట్టడం మొదలైంది.

ఈ మోటర్‌కి ఒక ప్రెషర్ స్విచ్ ఉంటుంది. పైపులో ఒత్తిడి 20 పీఎస్‌ఐకి పడిపోతే ఆన్ చేస్తుంది, 40కి చేరితే ఆపేస్తుంది. 20కి, 40కి మధ్య ఆ గ్యాప్ ఎందుకంటే, 30 దగ్గరే ఆన్, 30 దగ్గరే ఆఫ్ అని పెడితే స్విచ్ క్షణం కూడా ఊరుకోదు కాబట్టి. గ్యాప్ ఉంటే సరిపోతుందా అంటే అదీ కాదు. నీళ్ళు నొక్కితే కుంచించుకుపోవు. పైపు నిండా నీళ్ళే ఉంటే, ఒక చెంబెడు నీళ్ళు బయటికి పోగానే ఒత్తిడి 40 నుంచి 20కి దభేలుమని పడుతుంది. మోటర్ ఆ చెంబెడు నీళ్ళు తిరిగి నెట్టగానే 40 అయిపోతుంది.

అందుకే మధ్యలో గాలి కావాలి. గాలి స్ప్రింగు లాంటిది. ఆ నీలం ట్యాంకు లోపల రబ్బరు సంచి ఉంటుంది, దాన్నే బ్లాడర్ అంటారు. సంచిలోకి నీళ్ళు, సంచి బయట గాలి. మోటర్ తిరిగినప్పుడు నీళ్ళు సంచిని ఉబ్బించి గాలిని నొక్కుతాయి. మోటర్ ఆగాక ఆ గాలే నీళ్ళని నల్లాలోకి నెడుతుంది. మోటర్ పడుకున్నంతసేపు నల్లా నడిపించేది గాలి.

ఎన్ని నీళ్ళు నెడుతుంది అన్నది ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన బాయిల్ సూత్రంతోనే తేలిపోతుంది. గేజ్ సున్నా చూపించినప్పుడు కూడా బయటి గాలి ఒత్తిడి దాదాపు 15 ఉంటుంది, దాన్ని కలుపుకోవాలి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు 18 పీఎస్‌ఐ గాలి నింపామనుకోండి, అంటే నిజానికి 33. 24 లీటర్ల గాలి 20 దగ్గర (అంటే 35) 22.6 లీటర్లు అవుతుంది, 40 దగ్గర (అంటే 55) 14.4 లీటర్లు అవుతుంది. తేడా 8 లీటర్లు. కంపెనీ డబ్బా మీద 24 అని ఉన్నా మనకి దొరికేది 8 లీటర్లే, అర బకెట్టు! ఇది చూసి నేను మోసపోయినట్టు ఫీలయ్యాను, కానీ ఎవరూ మోసం చేయలేదు. 24 అనేది డబ్బా సైజు, అంతే.

ఇప్పుడు కాక వాళ్ళింటి లెక్క చూద్దాం. మోటర్ నిమిషానికి 40 లీటర్లు నెడుతుంది. బ్లాడర్ వలిగాక, ఆ 8 లీటర్ల బదులు పైపుల్లో అక్కడక్కడ చిక్కుకున్న గాలి పుణ్యమా అని అర లీటరు మిగిలిందనుకుందాం. నిమిషానికి 10 లీటర్లు పోసే నల్లా తిప్పితే మూడు సెకన్లలో ఆ అర లీటరు అయిపోతుంది. మోటర్ ఆన్. ఒక సెకనులో నిండిపోతుంది, ఆఫ్. అంటే నిమిషానికి 15 సార్లు. మరి రాత్రిపూట? టాయిలెట్ ఫ్లష్ ట్యాంకు సన్నగా కారుతోంది. నిమిషానికి పావు లీటరు, చప్పుడు కూడా రాదు. కానీ రెండు నిమిషాలకి అర లీటరు. నాకు నిద్ర లేకుండా చేసింది అదే. రాత్రి ఎనిమిది గంటల్లో 240 సార్లు, ఒక్క చుక్క వాడకుండా!

ఆన్ అయితే ఏమవుతుందిలే అనుకోవద్దు. నిలబడి ఉన్న మోటర్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు గుంజుతుంది. తీగలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆరు రెట్లు కరెంటు అంటే 36 రెట్లు వేడి. నిమిషాల తరబడి తిరిగితే ఆ వేడి చల్లారే టైము దొరుకుతుంది. సెకను తిరిగి ఆగి, మళ్ళీ మొదలైతే వేడి మీద వేడి. మొదట స్విచ్ కాంటాక్టులు నల్లబడతాయి, తర్వాత కండెన్సర్ ఉబ్బుతుంది, చివరికి వైండింగ్ వాసన వస్తుంది. కాక వాళ్ళింట్లో వాసన దాకా వచ్చింది.

కొత్త బ్లాడర్ వేశాక కూడా ఒక విషయం నన్ను ఇబ్బంది పెట్టింది. నల్లా ఎంత ఎక్కువ తిప్పితే మోటర్‌కి అంత కష్టం అనుకున్నాను. కాదు. పూర్తిగా 40 లీటర్లూ వాడేస్తుంటే మోటర్ ఆగకుండా తిరుగుతుంది, దానికి అది హాయి. బొట్టు బొట్టు వాడితే ఎప్పుడో ఒకసారి ఆన్ అవుతుంది. అన్నిటికన్నా చెడ్డది సరిగ్గా సగం, నిమిషానికి 20 లీటర్లు. అప్పుడు 24 సెకన్లు ఆన్, 24 సెకన్లు ఆఫ్, గంటకి 75 సార్లు. చెట్లకి పైపు పెట్టి వదిలేస్తే సరిగ్గా ఇదే జరుగుతుంది. అదే 100 లీటర్ల ట్యాంకు అయితే 34 లీటర్ల దాకా దొరుకుతుంది, గంటకి 18 సార్లకి దిగుతుంది. మోటర్ ఒకసారి ఆన్ అయితే కనీసం ఒక నిమిషం తిరిగేలా ట్యాంకు తీసుకోవాలని అంటారు. ఆ లెక్కన 24 లీటర్ల డబ్బా ఈ మోటర్‌కి మొదటి నుంచీ చిన్నదే.

మెకానిక్ అన్న నేర్పిన పరీక్ష ఇది, మీ ఇంట్లో చేసి చూడొచ్చు. మోటర్ స్విచ్ తీసేసి, నల్లా తిప్పి, నీళ్ళన్నీ పోనివ్వాలి. తర్వాత బైక్ టైరుకి గాలి చూసే గేజ్‌తో ట్యాంకు వాల్వు దగ్గర చూడాలి. మోటర్ ఆన్ అయ్యే ఒత్తిడి కన్నా రెండు పీఎస్‌ఐ తక్కువ ఉండాలి. తక్కువైతే సైకిల్ పంపుతో కొట్టుకోవచ్చు, నేను కొట్టాను. నీళ్ళు నింపి ఉండగా చూస్తే మాత్రం ఆ రీడింగుకి అర్థం లేదు. ఇంకోటి, ఏ నల్లా తిప్పకుండా, ఏదీ కారకుండా కూడా మోటర్ ఆన్ అవుతుంటే నీళ్ళు వెనక్కి సంపులోకే జారిపోతున్నాయని అర్థం. ఫుట్ వాల్వు చూడాలి, మా వైపు దాన్ని ఫుట్‌బాలు అంటారు.

ఇదంతా షవర్ గొడవ. అసలు నష్టం పొలం దగ్గర ఉందని తాతతో మాట్లాడాక తెలిసింది.

పోచంపాడ్ అంటే అందరికీ శ్రీరాంసాగర్ డ్యాం. 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 42 గేట్లు, నిండితే 1091 అడుగులు. అక్కణ్ణుంచే కాకతీయ, లక్ష్మి, సరస్వతి కాలువలు మొదలవుతాయి. అటు బోధన్ వైపు చెరుకు నిజాంసాగర్ కాలువ మీద బతికింది, 2015 డిసెంబర్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడే దాకా. మరి డ్యాం పక్కనే ఉండి బోరు ఎందుకు తాతా అని అడిగితే నా వైపు జాలిగా చూశాడు. "నీళ్ళు మీదికి పార్తయారా?" కాలువ కన్నా ఎత్తులో ఉన్న చేనుకి కాలువ నీళ్ళు రావు. డ్యాం కనిపిస్తుంది, నీళ్ళు బోరువి.

తాత బోరుకి ఆటో స్టార్టర్ ఉండేది. కరెంటు రాగానే మోటర్ దానంతట అదే ఎత్తుకుంటుంది. అప్పట్లో కరెంటు రోజుకి కొన్ని గంటలే, అదీ రెండు విడతలుగా, ఒక్కోసారి అర్ధరాత్రి. చీకట్లో పాములు, తడి స్టార్టర్ డబ్బాలు. రాత్రి చేనుకి పోయి తిరిగి రాని రైతులున్నారు. ఆటో స్టార్టర్ సోమరితనం కాదు, ప్రాణభయం.

కానీ ఎండాకాలంలో బోరులో నీళ్ళు తక్కువ. మోటర్ పది నిమిషాలు పోస్తుంది, నీళ్ళు పంపు దాకా దిగిపోతాయి, మోటర్ ఖాళీగా తిరుగుతుంది. సబ్‌మెర్సిబుల్ మోటర్‌ని చల్లబరిచేదే చుట్టూ పారే నీళ్ళు. అవి లేకపోతే అది కింద బావురుమంటుంది, పైన మనకి వినపడదు. రిలే ఉంటే ఆపుతుంది, ఆటో మళ్ళీ ఎత్తిస్తుంది. మళ్ళీ ఖాళీ. కాక ఇంట్లో జరిగిందే, కాకపోతే రెండు వందల అడుగుల లోతులో. కాలితే పైపులన్నీ గుంజి తీయాలి. ఆ ఖర్చు, ఆ వారం రోజుల్లో ఎండిన పంట రెండూ కలిపి చూస్తే షవర్ మోటర్ వైండింగ్ లెక్కలోకే రాదు.

ఇంకో గొడవ ట్రాన్స్‌ఫార్మర్‌ది. కరెంటు పోయి వచ్చిన క్షణంలో ఆటో పెట్టిన మోటర్లన్నీ ఒకేసారి లేస్తాయి. 5 హెచ్‌పీ మోటర్ ఒకటి సుమారు 5 కేవీఏ తీసుకుంటుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఐదు మోటర్లు మామూలుగా నడుస్తాయి. ఐదూ ఒకేసారి ఆరు రెట్లు గుంజితే 150. నెట్‌వర్క్స్‌లో ఈథర్‌నెట్ ఈ చిక్కుకి ఎప్పుడో మందు కనిపెట్టింది. రెండు కంప్యూటర్లు ఒకేసారి మాట్లాడి గుద్దుకుంటే, ఒక్కోటి ఒక్కోలా ర్యాండమ్‌గా ఆగి మళ్ళీ ప్రయత్నిస్తుంది. స్టార్టర్లలో కూడా డిలే టైమర్ ఉంటుంది, కానీ అందరూ షాపువాడు పెట్టిచ్చిన నంబరే ఉంచేస్తే మళ్ళీ అందరూ ఒకేసారే కదా.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. దానికి ముందే ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పారు. కరెంటు ఆగకపోతే ఆటో ఆగదు, బోరు ఎండే దాకా తోడుతుంది. తాత తీసేశాడు, పక్క చేను వాళ్ళు తీయలేదు. ఎవరిది తప్పు అని నేను తేల్చలేను. భూమి కింద నీళ్ళు ఇద్దరివీ ఒకటే, ఎవరు ఆపితే వాళ్ళు నష్టపోయినట్టు అనిపిస్తుంది.

తాత చేసిన ఇంకో పని మాత్రం నాకు నచ్చింది. బోరు పైన గేట్ వాల్వు సగం మూశాడు. "లోడ్ పడి కాల్తది" అని అందరూ భయపెట్టారట. నిజానికి సాధారణ బోరు మోటర్లకి నీళ్ళు తగ్గిస్తే కరెంటు తగ్గుతుంది, పూర్తిగా మూయకూడదు అంతే. మూడంగుళాల ధార రెండంగుళాలైంది కానీ బోరు ఊరేదానికీ మోటర్ తోడేదానికీ లెక్క కుదిరింది. ఆగకుండా మూడు గంటలు పోస్తుంది. పది నిమిషాల పెద్ద ధార కన్నా అదే మడి తడుపుతుంది.

డ్యాం కట్టినప్పుడు 112 టీఎంసీలు పడతాయన్నారు. పూడిక పేరుకుని ఇప్పుడు 80 దగ్గరికి వచ్చింది. కాక నీలం డబ్బాలో గాలి ఉండాల్సిన చోట నీళ్ళు చేరినట్టే ఇక్కడ నీళ్ళు ఉండాల్సిన చోట మట్టి చేరింది. వానొస్తే తొందరగా నిండుతుంది, గేట్లు తొందరగా ఎత్తాలి. దీనికి మాత్రం సైకిల్ పంపు పనిచేయదు.

మొన్న మళ్ళీ కాక వాళ్ళింట్లో పడుకున్నాను. ఫ్లష్ వాషర్ మార్చారు, డబ్బా పెద్దది పెట్టారు. రాత్రి మోటర్ ఒక్కసారే ఎత్తుకుంది, అది కూడా చిన్నమ్మ ఐదింటికి లేచి కళ్ళాపికి బకెట్లు నింపుతుంటే.