సర్కారుకు తాళం పడితే సంసారం గతేమిటి?

ఒకటో తారీఖున జీతం రాకపోతే ఏమవుతుందో మనకెవరూ చెప్పనక్కర్లేదు. పాలవాడికి ‘వచ్చేవారం’ అంటాం. పచారీ కొట్టు ఖాతాలో మరో పేజీ తిప్పిస్తాం. చీటీ వాయిదా దగ్గర పడితే చెవిదుద్దుల వైపు చూస్తాం. కానీ జీతం ఎగ్గొట్టింది ఏ ఊరూ పేరూ లేని కంపెనీయో కాక సాక్షాత్తూ అమెరికా ప్రభుత్వమంటే నమ్మబుద్ధి కాదు కదూ! 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా, 43 రోజులపాటు అక్కడ జరిగింది అదే. లక్షలాది ఉద్యోగులు ఇళ్ళలో కూర్చున్నారు. మరికొన్ని లక్షలమంది జీతం లేకుండానే డ్యూటీకి వెళ్ళారు. అప్పటివరకు వచ్చిన తాళాల్లో అదే పొడుగైనది.

అక్కడ ఆర్థిక సంవత్సరం అక్టోబరు ఒకటిన మొదలవుతుంది. ఆలోగా ఖర్చుల బిల్లులు కాంగ్రెసులో నెగ్గి, అధ్యక్షుడి సంతకం పడాలి. లేకపోతే ఆ బిల్లుల మీద బతికే ఆఫీసులు డబ్బు ఖర్చు పెట్టకూడదు. ఈ చట్టం 19వ శతాబ్దం నాటిదే అయినా, 1980లో అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి దాన్ని ఉన్నదున్నట్టు పాటించాల్సిందేనని చెప్పాకే ఈ తాళాల బాధ మొదలైంది. మన దేశంలో బడ్జెట్ ఆలస్యమైతే ఓట్ ఆన్ అకౌంట్ పెట్టుకుని నెట్టుకొస్తారు. లోక్‌సభ డబ్బివ్వనంటే ప్రభుత్వమే దిగిపోవాలి. అక్కడ ప్రభుత్వం దిగదు, గుమాస్తా జీతం ఆగుతుంది. బిల్లు నెగ్గనివ్వని సభ్యుల జీతాలు మాత్రం రాజ్యాంగం ప్రకారం నిక్షేపంగా వస్తూనే ఉంటాయి!

ఉద్యోగులను రెండు రకాలుగా విడగొడతారు. అత్యవసరం కానివాళ్ళు ఇంటికి. విమానాలను దారిలో పెట్టేవాళ్ళు, విమానాశ్రయంలో సంచులు తనిఖీ చేసేవాళ్ళు, సరిహద్దు కాపలావాళ్ళు, జైలు సిబ్బంది వగైరా మాత్రం పనికి రావాల్సిందే. 2018 డిసెంబరు 22న మొదలై 35 రోజులు నడిచిన తాళం అప్పుడు సుమారు 8 లక్షల మందికి జీతాలు ఆగాయి. తీర రక్షకదళం వాళ్ళకు 2019 జనవరి 15 నాటి జీతం అందలేదు. వాషింగ్టన్‌లో హోసే ఆండ్రెస్ అనే వంటగాడు ఉద్యోగులకు ఉచితంగా భోజనం పెడితే, గుర్తింపు కార్డులు చూపించి వరసల్లో నిలబడ్డారు. ఇంటి యజమానికి ఎలా రాసుకోవాలో ప్రభుత్వ సిబ్బంది కార్యాలయం నమూనా ఉత్తరాలు కూడా ఇచ్చింది. అద్దెలో కొంతకు బదులు రంగులు వేస్తాను, వడ్రంగం పని చేస్తాను అని అడగవచ్చునట! జనం నవ్విపోయారంటే నవ్వరూ మరి.

ఆ తాళం ఇంకా ఉండగానే 2019లో, తాళం తీశాక బకాయి జీతం ఇచ్చి తీరాలని చట్టం చేశారు. బాగానే ఉంది. కానీ అమెరికా జీతం రెండు వారాలకోసారి వస్తుంది. ఇంటి అప్పు, కారు వాయిదా, క్రెడిట్ కార్డు, పిల్లల సంరక్షణ కేంద్రం ఫీజు అన్నీ ఆ లెక్కకే కట్టి ఉంటాయి. ‘తర్వాత ఇస్తాం’ అన్నమాట బ్యాంకువాడికి చెప్పి చూడండి!

అసలు చిక్కు ఇక్కడే ఉంది. దేశ రహస్యాలు చూసే ఉద్యోగానికి సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి. అంటే ఈ మనిషిని నమ్మవచ్చని ప్రభుత్వం వేసే ముద్ర. వంద పేజీలు దాటిన ఫారం నింపాలి. ఎక్కడెక్కడ ఉన్నారు, ఏ దేశాలు వెళ్ళారు, ఎంత అప్పుంది, అన్నీ రాయాలి. నిర్ణయించేవాళ్ళు చూసే 13 అంశాల్లో డబ్బు వ్యవహారం ఒకటి. పీకల్లోతు అప్పుల్లో ఉన్నవాడు రహస్యాలు అమ్ముకుంటాడేమోనని భయం. ఇదివరకు ఐదేళ్ళకో పదేళ్ళకో మళ్ళీ విచారించేవారు. ఇప్పుడు అప్పుల చరిత్రను కంప్యూటర్లు నిత్యం కనిపెట్టి ఉంటాయి. జీతం ఆపేదీ వాళ్ళే, వాయిదా ఎందుకు తప్పావని అడిగేదీ వాళ్ళే! 2019 జనవరిలో ఎఫ్‌బీఐ ఏజెంట్ల సంఘం సరిగ్గా ఈ భయాన్నే బయటపెట్టింది.

నిబంధనల్లో ఒక ఊరట ఉంది. కష్టం తన చేతుల్లో లేని కారణాల వల్ల వచ్చి, ఆ మనిషి బాధ్యతగా నడుచుకుంటే దాన్ని పరిగణించాలి. కనుక ఇల్లాలికి ఇక్కడ పెద్ద పనే పడుతుంది. గడువు దాటకముందే బ్యాంకుకు రాయడం, ఇంట్లో కూర్చోమన్న నోటీసూ బ్యాంకు జవాబూ ఒక ఫైల్లో దాచడం, కట్టగలిగింది కట్టడం, ఆఫీసులో భద్రతాధికారికి ముందుగా చెప్పడం. దాచిపెట్టడమే అన్నిటికన్నా ప్రమాదం.

కొత్తగా క్లియరెన్స్ కోరేవాళ్ళ కథ వేరు. విచారణలు చేసే పెద్ద సంస్థ ఇతర శాఖలు చెల్లించే రుసుముల మీద నడుస్తుంది కనుక పని పూర్తిగా ఆగదు. కానీ కాగితం కదలాల్సిన వేరే ఆఫీసులో మనిషి లేకపోతే? ఆలస్యమే. ఉద్యోగం ఖాయమై క్లియరెన్స్ కోసం చూస్తున్నవాళ్ళు పాత సంపాదన లేక, కొత్తది రాక కూర్చోవాలి.

వర్జీనియా, మేరీలాండ్‌లలో మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. క్లియరెన్స్ సాధారణంగా పౌరసత్వం ఉన్నవాళ్ళకే. దానికోసం ఆ ఫారంలో గుంటూరులో ఉన్న అత్తగారి పేరు కూడా రాయాలి! హెచ్-1బీ వాళ్ళకు మరో తంటా. కంపెనీ ముందుగా కార్మికశాఖ నుంచి తెచ్చుకోవాల్సిన ధ్రువపత్రం 2013లోనూ, 2025 అక్టోబరులోనూ ఆగిపోయింది.

ఇంతకీ బకాయి చట్టం ప్రభుత్వోద్యోగులకు మాత్రమే. ఆ ఆఫీసులు ఊడ్చే ఆడవాళ్ళు, క్యాంటీన్లో వడ్డించేవాళ్ళు, గేటు దగ్గర కాపలావాళ్ళు చాలామంది కాంట్రాక్టరు కింద పనిచేస్తారు. వాళ్ళకూ ఇవ్వాలని కాంగ్రెసులో బిల్లులు పెట్టారు, నెగ్గలేదు. 2025లో తాళం తీశాక పైనున్న అధికారికి 43 రోజుల జీతం వచ్చింది. ఆయన గది తుడిచే మనిషికి చట్టప్రకారం రావలసింది ఏమీ లేదు.